పాటల కోసం జర్మనీ: వీసా ఫారంలో కాన్సర్ట్ అని రాయాలా, వద్దా?

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 26 ఏళ్లు. మాది ప్రొద్దుటూరు. బెంగళూరులో బీటీఎం లేఅవుట్‌లో ముగ్గురం ఒక ఫ్లాట్ తీసుకుని ఉంటున్నాం. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్‌లో చేరి ఏడాది దాటింది. చేతికి 52 వేలు వస్తుంది. ఇంటర్ నుంచి నాకు మెటల్ మ్యూజిక్ పిచ్చి. వచ్చే ఏడాది ఆగస్టులో జర్మనీలో జరిగే వాకెన్ ఓపెన్ ఎయిర్ అనే మెటల్ సంగీతోత్సవానికి నాకూ, నా ఫ్రెండ్‌కీ టికెట్లు దొరికాయి. వాడి కార్డు మీద కొన్నాం, ఆర్డరు వాడి పేరు మీదే ఉంది. వాకెన్‌లో నాలుగు రోజులు, తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో మా పెదనాన్న కొడుకు దగ్గర ఆరు రోజులు ఉండాలని అనుకుంటున్నా. ఇంతవరకూ దేశం దాటలేదు. ఒక ఏజెంటును కలిస్తే "కాన్సర్ట్ అని రాస్తే రిజెక్ట్ చేస్తారు, పారిస్ టూర్ అని రాద్దాం, హోటల్ కాగితాలు నేను పెడతా, ఏ దేశానికి అపాయింట్‌మెంట్ స్లాటు దొరికితే ఆ దేశానికే వేద్దాం" అన్నాడు. నా అకౌంట్‌లో లక్షా తొంభై వేలున్నాయి. నాన్నకు బట్టల కొట్టు ఉంది. వీసా కోసం నాలుగు లక్షలు నా అకౌంట్‌లో వేస్తానని, పని అయ్యాక తిరిగి పంపమని అంటున్నాడు. టెంట్‌లో పడుకునే రోజులకు హోటల్ బుకింగ్ ఏం చూపించాలి? బ్యాంకులో నా ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, అది సమస్య అవుతుందా? అమ్మేమో "పాటలు వినడానికి అంత దూరం ఎవరైనా పోతారా" అని రోజూ ఫోన్‌లో అడుగుతోంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటావు?

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ ఏజెంటు సంగతి తేల్చేద్దాం. అతను చెప్పిన మూడు సలహాల్లో ఒక్కటి కూడా నీకు పనికొచ్చేది కాదు. మూడూ నిన్ను ఇరికించేవే.

కాన్సర్ట్ చూడటానికి వెళ్లడం తప్పు పని కాదు, దాచుకోవాల్సిన పని అసలే కాదు. జర్మనీ, ఆమ్‌స్టర్‌డామ్ ఉన్న నెదర్లాండ్స్ సహా యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది షెంగెన్ వీసా. దాని ఫారంలో ప్రయాణం దేనికి అన్నచోట పర్యాటకం, వ్యాపారం, బంధుమిత్రులను కలవడం, సాంస్కృతికం, క్రీడలు అంటూ గడులు ఉంటాయి. సాంస్కృతికం అన్న గడి చూసి చాలామంది ఆగిపోతారు. అది ప్రధానంగా అక్కడికి వెళ్లి పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు, ఆహ్వానం మీద వెళ్లేవాళ్లకు. టికెట్ కొనుక్కుని చూడబోయేవాడివి కాబట్టి నీది పర్యాటకమే. అన్నను కలుస్తావు కాబట్టి బంధువుల గడిలో కూడా టిక్ పెట్టు. కింద వివరాలు రాయడానికి ఇంకో వరుస ఉంటుంది. అక్కడ వాకెన్ ఓపెన్ ఎయిర్ పేరు, తేదీలు, వాకెన్‌కు వెళ్లే దారిలోని హాంబర్గ్ నగరం, ఆమ్‌స్టర్‌డామ్ అని ఉన్నది ఉన్నట్టు రాసేయ్.

అబద్ధం రాస్తే ఎక్కడ దొరికిపోతావో చెప్పనా? మీ ఫ్రెండ్‌కు టికెట్ డబ్బులు యూపీఐలో పంపే ఉంటావు. నీ బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఆ తేదీ దగ్గర చూడు. నోట్ అన్నచోట "వాకెన్ టికెట్" అని నువ్వే టైప్ చేసి ఉంటే అది యథాతథంగా అచ్చయి ఉండవచ్చు. ఫారంలో పారిస్ టూర్, స్టేట్‌మెంట్‌లో వాకెన్ టికెట్! కౌంటర్ దగ్గర దొరక్కపోయినా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక ఇమిగ్రేషన్ ఆఫీసరు ఎక్కడికి వెళ్తున్నావని అడుగుతాడు. నల్ల టీషర్టు వేసుకుని, వీపున టెంటు మోస్తూ పారిస్ చూడటానికి అంటావా? వీసా ఉన్నా సరిహద్దులో వెనక్కి పంపే అధికారం వాళ్లకు ఉంది. ఇక్కడ తిరస్కరిస్తే ఆ వివరం షెంగెన్ దేశాలన్నీ చూసే ఉమ్మడి రికార్డులో ఐదేళ్లు ఉంటుంది. కాగితం తక్కువై రిజెక్ట్ అయితే ఆ కాగితం పెట్టి మళ్లీ వేసుకోవచ్చు. దొంగ కాగితం పెట్టాడన్న మచ్చ పడితే దాన్ని ఏ కాగితంతో చెరుపుతావు?

హోటల్ విషయంలో ఒక తేడా గుర్తుంచుకో. నీ పేరు మీద, నువ్వే, తర్వాత రద్దు చేసుకునే వీలుతో బుక్ చేసుకోవడం పూర్తిగా సక్రమమే. ఏజెంటు కంప్యూటర్‌లో తయారు చేసి ఇచ్చే కాగితం వేరు. హోటల్‌కు ఫోన్ చేస్తే ఆ పేరుతో బుకింగే లేదంటారు.

ఇక ఏ దేశానికి వేయాలన్నది. ఎక్కడ స్లాటు ఖాళీగా ఉంటే అక్కడ వేసుకోవడానికి ఇది సినిమా టికెట్ కాదు. నీ ప్రయాణంలో ప్రధానమైన దేశం ఏదో దానికే వేయాలి. ఎక్కువ రోజులు ఉండే దేశమో, లేదా నువ్వు వెళ్లే అసలు పని జరిగే దేశమో అయి ఉండాలి. తేల్చుకోలేనంత సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశం. ఇప్పుడు నీ ప్లాన్ చూడు: అసలు పని జర్మనీలో, ఎక్కువ రోజులు నెదర్లాండ్స్‌లో. జర్మనీకి వేసినా వాదించుకోవచ్చు. కానీ మొదటిసారి వెళ్లేవాడివి, వాదన ఎందుకు? రోజులు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది.

నేనైతే ఇలా వేస్తాను. వాకెన్ మామూలుగా బుధవారం నుంచి శనివారం దాకా ఉంటుంది. సోమవారం హాంబర్గ్‌లో దిగు, ఆ రాత్రి అక్కడే. మంగళవారం రైల్లో ఇట్జెహో దాకా వెళ్లి, అక్కణ్నుంచి బస్సులో వాకెన్. ఆదివారం తిరిగి హాంబర్గ్, సోమవారం కూడా అక్కడే. మంగళవారం ఆమ్‌స్టర్‌డామ్, శుక్రవారం తిరుగు ఫ్లైటు. దీంతో జర్మనీ ఎనిమిది రాత్రులు, అన్న దగ్గర మూడు రాత్రులు అవుతాయి. ఆఫీసులో పది లీవులతో సరిపోతుంది. పైగా సంగీతం పిచ్చి ఉన్నవాడివి హాంబర్గ్‌ను దాటేసి పోతావా? ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ పేరు ప్రపంచానికి తెలియకముందు, 1960 నుంచి 62 దాకా, రాత్రంతా వాయిస్తూ చేయి తిప్పుకున్నది ఆ ఊరి క్లబ్బుల్లోనే. ఎల్బ్ నది ఒడ్డున పాత గోదాము మీద కట్టిన ఎల్బ్‌ఫిల్హార్మోనీ అనే సంగీత భవనం 2017లో తెరిచారు. అందులో కచేరీ వినకపోయినా పైకెక్కి ఊరంతా చూడొచ్చు. ప్రయాణం ప్లాన్‌లో ఇవి రాస్తే నిండుగా ఉంటుంది, నిజంగా చూసి కూడా వస్తావు.

అన్న మూడు రాత్రులు ఆశ్రయం ఇస్తున్నట్టు ఒక ఉత్తరం, తన రెసిడెన్స్ పర్మిట్ కాపీ, ఇంటి చిరునామా పంపాలి. నెదర్లాండ్స్‌లో ఇంట్లో అతిథిని ఉంచుకునేవాళ్ల కోసం ఒక ప్రత్యేకమైన ఫారం ఉంది, దాని మీద సంతకాన్ని అక్కడి మున్సిపాలిటీలో ధ్రువీకరిస్తారు. నువ్వు జర్మనీకి వేస్తున్నావు కాబట్టి అది కావాలో అక్కర్లేదో అప్లికేషన్ సెంటర్ చెక్‌లిస్టులో చూసుకుని, కావాలంటే అన్నకు ముందే చెప్పు. ఆఖరి వారంలో చెబితే ఆయనకు మున్సిపాలిటీ అపాయింట్‌మెంట్ దొరకదు.

ఇప్పుడు డబ్బు. నీ ఉత్తరంలో నాకు నిజంగా భయం వేసింది ఇక్కడే.

వీసా ఆఫీసరుకు నీ మెటల్ పిచ్చితో పనిలేదు. ఆయన చూసేవి రెండే. ఈ ఖర్చు ఎవరి డబ్బుతో పెట్టుకుంటున్నాడు? అయిపోయాక తిరిగొస్తాడా? తిరస్కరణ ఫారంలో కారణాలన్నీ ముందే అచ్చు వేసి ఉంటాయి, వర్తించిన దాని పక్కన టిక్ పెట్టి చేతికిస్తారు. సరిపడా డబ్బు చూపలేదన్నది ఒకటి, గడువులోగా తిరిగి వెళతాడన్న నమ్మకం కలగలేదన్నది ఇంకొకటి. పెళ్లికాని 26 ఏళ్ల కుర్రాడు, మొదటి విదేశీ ప్రయాణం, ఉద్యోగంలో చేరి ఏడాది. నీ దరఖాస్తులో బలహీనత ఇదీ, కాన్సర్ట్ కాదు.

ఇలాంటి దరఖాస్తులో హఠాత్తుగా నాలుగు లక్షలు వచ్చి పడితే ఏమవుతుందో స్టేట్‌మెంట్ చదివేవాడి కళ్లతో చూడు. ప్రతినెలా ఆఖరి రోజు జీతం 52 వేలు. రెండో తారీఖున అద్దెలో నీ వాటా. కరెంటు, స్విగ్గీ, మెట్రో కార్డు, ఇంటికి పంపిన ఐదువేలు. నెలాఖరుకు ముందటి నెల కంటే పదిహేను వేలో, ఇరవై వేలో ఎక్కువ మిగులు. చదువుతుంటే ఒక మనిషి కనిపిస్తాడు. సంపాదిస్తాడు, పొదుపుగా ఉంటాడు. ఆ తర్వాత పేజీలో అపాయింట్‌మెంట్‌కు పది రోజుల ముందు ఒక్కసారే నాలుగు లక్షలు. అప్పటిదాకా నమ్మినదంతా ఆ ఒక్క వరుసతో పోతుంది. ఇది ఇతని డబ్బు కాదు, చూపించడానికి తెచ్చాడు అనుకుంటారు. అనుకోవడం కాదు, నిజమే కదా!

నాన్న ఆ నాలుగు లక్షలు కొట్టులోనే ఉంచుకోమను, దసరా సరుకుకు పనికొస్తుంది. నీకు ఇంకా నెలలు ఉన్నాయి. ఫ్లైటుకు డెబ్బై, ఎనభై వేలు తీసేసినా ఇప్పుడున్న దానిలో లక్ష పైన మిగులుతుంది. ఫిబ్రవరి దాకా నెలకు ఇరవై వేలు పక్కన పెడితే, హాంబర్గ్‌లో మూడు రాత్రుల హోటలు, తిండి, రైలు ఛార్జీలు పెట్టుకోగలనని నీ స్టేట్‌మెంటే చెబుతుంది. అన్న ఇంట్లో నీకు అద్దె లేదు, టెంట్ చోటు టికెట్‌లోనే ఉంది. పన్నెండు రోజుల ప్రయాణంలో హోటల్ ఖర్చు మూడు రాత్రులకేనని దరఖాస్తుతో పాటు పెట్టే కవరింగ్ లెటర్‌లో స్పష్టంగా రాస్తే లెక్క కుదురుతుంది.

అయినా నాన్న సాయం చూపించాలనే అనుకుంటే, దొంగచాటుగా నీ అకౌంట్‌లో వేయడం కాదు, స్పాన్సర్‌గా ముందుకు రమ్మను. నా కొడుకు ప్రయాణానికి ఇంత వరకు ఖర్చు నేను భరిస్తాను అని సంతకం పెట్టిన ఉత్తరం, ఆయన సేవింగ్స్ అకౌంట్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్, కొట్టు జీఎస్టీ రిజిస్ట్రేషన్ కాపీ ఉంటే సరి. ఆయన నీ తండ్రి అని చూపడానికి నీ పాస్‌పోర్టులోనే ఆయన పేరుంటుంది. ఒక్కమాట మాత్రం చెప్పక తప్పదు. మన ఊళ్లలో కొట్టులో తిరిగే డబ్బు వేరు, రిటర్న్‌లో కనిపించే ఆదాయం వేరు. రిటర్న్‌లో ఏడాదికి నాలుగు లక్షలు చూపించిన మనిషి, కొడుకు విహారయాత్రకు నాలుగు లక్షలిస్తానని రాస్తే నప్పదు. నాన్న రిటర్న్ ఒకసారి చూసి, అప్పుడు నిర్ణయించుకో. నీ డబ్బుతోనే లెక్క కుదురుతుంటే ఆయన కాగితాల జోలికే వెళ్లొద్దని నా అభిప్రాయం. తక్కువ కాగితాలుంటే తక్కువ ప్రశ్నలు వస్తాయి.

తిరిగొస్తావని నమ్మించేది నీ ఉద్యోగం. కంపెనీ లెటర్‌హెడ్ మీద నువ్వు చేరిన తేదీ, హోదా, జీతం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా లీవు ఇచ్చారు, ఏ రోజు మళ్లీ డ్యూటీలో చేరాలి అన్నవన్నీ ఉన్న ఉత్తరం తీసుకో. మేనేజర్ నోటిమాటగా సరేనన్నది లెక్కలోకి రాదు. లీవు పోర్టల్‌లో అప్రూవ్ అయిన స్క్రీన్‌షాట్ కూడా ఆ ఉత్తరం ముందు చిన్నదే. మూడు నెలల పేస్లిప్పులు, ఫారం 16, రిటర్న్ వేసి ఉంటే దాని రసీదు కలుపు. హెచ్‌ఆర్ వాళ్లకు విషయం చెప్పి ఉంచు, ఫోన్ వస్తే "ఎవరు, తెలీదే" అనకుండా ఉంటారు. శ్రావణంలో ఇంట్లో పెళ్లిళ్లేమైనా ఉన్నాయేమో కూడా ఇప్పుడే అడుగు. ఈ లీవులన్నీ వాడేశాక పిన్ని కూతురి పెళ్లికి రాలేనంటే వీసా ఆఫీసరు కంటే మీ పిన్ని దగ్గర జవాబు చెప్పుకోవడం కష్టం.

కవరింగ్ లెటర్ ఏజెంటుతో రాయించొద్దు. ఇంగ్లిషులో రాయాలి, కానీ అలంకారాలు అక్కర్లేదు, ఒక్క పేజీ చాలు. సారాంశం ఇలా ఉంటే బాగుంటుంది:

"నేను బెంగళూరులో ఫలానా కంపెనీలో ఫలానా తేదీ నుంచి టెస్ట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఫలానా తేదీల్లో వాకెన్‌లో జరిగే సంగీతోత్సవానికి స్నేహితుడితో కలిసి వెళ్తున్నాను. టికెట్లు అతని పేరు మీద కొన్నాం. ఆర్డరు కాపీ, నా వాటా డబ్బు అతనికి పంపిన వివరం జత చేశాను. ఐదు రాత్రులు ఉత్సవ ప్రాంగణంలోని క్యాంపింగ్ స్థలంలో ఉంటాం, అది టికెట్‌లో భాగమే. మూడు రాత్రులు హాంబర్గ్‌లో హోటల్లో, మూడు రాత్రులు ఆమ్‌స్టర్‌డామ్‌లో మా అన్న ఇంట్లో. ఖర్చు నా పొదుపు నుంచి. కంపెనీ పది రోజుల సెలవు ఇచ్చింది. ఫలానా సోమవారం తిరిగి విధుల్లో చేరాలి. ఇది నా మొదటి విదేశీ ప్రయాణం. నా బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. రెండూ నావే, బ్యాంకు ఇచ్చిన ఉత్తరం జత చేశాను."

అంతే. చిన్నప్పటి నుంచి జర్మనీ సంస్కృతి అంటే ప్రాణమని రాయకు. ఎవరూ నమ్మరు.

టెంట్ ప్రశ్నకు జవాబు అందులోనే వచ్చేసింది. ఆ ఐదు రాత్రులకు చూపించడం కోసం హోటల్ బుక్ చేసి రద్దు చేయొద్దు. వాకెన్ అనేది రెండువేల పైచిలుకు జనాభా ఉన్న పల్లె, పండగ రోజుల్లో ఎనభై వేల మందికి పైగా వస్తారు, ఎక్కువమంది పొలాల్లో టెంట్లు వేసుకునే ఉంటారు. జర్మనీ వీసా చూసేవాళ్లకు ఈ సంగతి నువ్వు కొత్తగా చెప్పేది కాదు. టికెట్ నిబంధనల్లో క్యాంపింగ్ కలిపే ఉందని చెప్పే పేజీ ప్రింట్ తీసి, ఆ వాక్యం కింద గీత గీసి పెట్టు. ప్రయాణం ప్లాన్ పట్టికలో ఆ తేదీల ఎదురుగా క్యాంపింగ్ స్థలం అని రాయి. ఒక్క రాత్రి కూడా ఖాళీ గడి కనిపించకూడదు, అది ముఖ్యం.

మీ ఫ్రెండ్ కూడా నీతో పాటే వీసాకు వేస్తాడు కదా, ఇద్దరూ ఒకే రోజు అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఒకే ఆర్డరు కాపీ ఇద్దరి ఫైళ్లలోనూ ఉండాలి, ఇద్దరి తేదీలూ ఒకటే అయి ఉండాలి. టికెట్‌ను నీ పేరుకు మార్చుకునే వీలు నిర్వాహకులు ఇస్తే మార్చుకో. గేటు దగ్గర కూడా తలనొప్పి ఉండదు.

పేరు సంగతి కంగారు పడేంత పెద్దది కాదు, మన తెలుగువాళ్లలో సగం మందికి ఉన్నదే. ఫారం, ఇన్సూరెన్స్, ఫ్లైటు టికెట్, హోటల్ బుకింగ్, అన్న పంపే ఉత్తరం అన్నింట్లోనూ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, పాస్‌పోర్టులో ఏది ఇంటిపేరు గడిలో ఉందో అదే ఇంటిపేరుగా. బ్యాంకు బ్రాంచికి వెళ్లి, పూర్తి పేరుతో ఖాతా నీదేనని సీలు వేసిన ఉత్తరం అడుగు. వీలైతే కేవైసీలో పేరే మార్పించుకో, ముందు ముందు కూడా పనికొస్తుంది. పాస్‌పోర్టులో చిరునామా ప్రొద్దుటూరుది అయి ఉంటే, బెంగళూరులో ఉంటున్నట్టు అద్దె అగ్రిమెంటు కావాలి. ముగ్గురు కలిసి ఉంటున్నారన్నావు, అగ్రిమెంటులో నీ పేరుందా లేదా చూసుకో. లేకపోతే ఓనరును బతిమాలుకోవడానికి కూడా టైం పడుతుంది.

పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలల గడువు ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకుండా, అన్ని షెంగెన్ దేశాలకూ, అన్ని రోజులకూ. వీసా రాకపోతే ప్రీమియం వాపసు ఇచ్చే పాలసీలున్నాయి, అడిగి తీసుకో.

తేదీల విషయంలో మాత్రం బద్ధకించకు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. ఆగస్టు మొదటివారం ప్రయాణం అంటే ఫిబ్రవరి మొదటివారం. చివరి గడువు పదిహేను రోజుల ముందు అని నిబంధనల్లో ఉన్నా అది కాగితం మీద మాట. ఏప్రిల్, మే వచ్చాయంటే వేసవి సెలవులకు యూరప్ వెళ్లే కుటుంబాలు, సెప్టెంబరు చదువులకు వెళ్లే పిల్లలు అంతా బెంగళూరు సెంటర్ల మీద పడతారు, స్లాటు కనపడదు. నిర్ణయం మామూలుగా పదిహేను రోజుల్లో వస్తుంది, అవసరమనుకుంటే 45 రోజుల దాకా పొడిగించవచ్చు. అన్నాళ్లూ పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే. ఫిబ్రవరి, మార్చిలో వేస్తే, ఒకవేళ తిరస్కరించినా మళ్లీ వేసుకోవడానికి టైం మిగులుతుంది. వేలిముద్రలకు ఎలాగూ నువ్వే వెళ్లాలి కాబట్టి స్లాటు అమ్ముతామనేవాళ్లకు డబ్బు పోయకు. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలల దాకా మళ్లీ వాడుకుంటారు.

ఖర్చు పెట్టే వరస కూడా ముఖ్యమే. కాన్సర్ట్ టికెట్ డబ్బు ఇప్పటికే పోసేశావు. వీసా ఫీజు 90 యూరోలు, పైన సెంటర్ సర్వీసు ఛార్జీ, ఇవి వీసా వచ్చినా రాకపోయినా తిరిగి రావు. ఫ్లైటుకు మాత్రం వీసా చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు కట్టకు, దరఖాస్తుకు రిజర్వేషన్ చాలు. ఆఫర్ ఉందని వాపసు రాని టికెట్ కొని, వీసా కోసం దేవుళ్లకు మొక్కుకునేవాళ్లను చూస్తూనే ఉంటాం. వీసా రాలేదు కదా అని కాన్సర్ట్ వాళ్లు డబ్బు తిరిగిస్తారని కూడా ఆశ పెట్టుకోకు. అధికారికంగా తిరిగి అమ్ముకునే దారి ఉందేమో వాళ్ల నిబంధనల్లో ఇప్పుడే చదివి పెట్టుకో.

వీసా వచ్చినా కాన్సర్ట్ జరుగుతుందన్న హామీ లేదన్నది ఇంకో సంగతి. 2024 ఆగస్టులో వియన్నాలో టేలర్ స్విఫ్ట్ మూడు షోలు దాడి ముప్పు వల్ల ఆఖరి నిమిషంలో రద్దు చేశారు. టికెట్ డబ్బు ఇచ్చారు, ఫ్లైట్లు, హోటళ్లు ఎవరి నష్టం వాళ్లదే. నీ వాకెన్‌లోనే 2023లో వానలకు పొలాలన్నీ బురదై బళ్లు దిగబడిపోతే, ఇంకా దారిలో ఉన్నవాళ్లను రావద్దని లోపలికి రానివ్వడం ఆపేశారు. సుమారు యాభై వేల మందితోనే నడిపించి, మిగతావాళ్లకు టికెట్ డబ్బు వాపసు ఇచ్చారు. అందుకే మంగళవారమే చేరుకోమన్నాను. హాంబర్గ్ హోటల్ కూడా రద్దుకు వీలున్నదే తీసుకో.

రిజెక్ట్ అయితే? జర్మనీ విషయంలో పాత సలహాలు విని మోసపోకు. తిరస్కరణ మీద కాన్సులేట్‌కే మళ్లీ విన్నపం పెట్టుకునే పద్ధతి ఒకటి ఉండేది, దాన్ని 2025 జులై 1 నుంచి ఎత్తేశారు. ఇప్పుడు మిగిలింది బెర్లిన్ కోర్టుకు వెళ్లడం, లేదా కొత్తగా దరఖాస్తు చేయడం. నాలుగు రోజుల పాటల కోసం కోర్టుకు ఎవరూ వెళ్లరు. ఫారంలో టిక్ పెట్టిన కారణం చదివి, దానికి సంబంధించిన కాగితం గట్టి చేసుకుని మళ్లీ వేయడమే దారి. అదే ఫైలు అలాగే మళ్లీ పెడితే అదే జవాబు వస్తుంది.

వీసా వచ్చిందనుకో, స్టిక్కరు చూసి మురిసిపోయే ముందు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు ప్రవేశం, పేరు స్పెల్లింగ్ అక్కడే నిలబడి సరిచూసుకో. గడువుకు ఒక్కరోజు కూడా ఎక్కువ ఉండకు. 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు ఒక వెసులుబాటు ఉంది. మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడినవాళ్లకు, మామూలుగా రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ, అంటే పలుమార్లు వెళ్లిరాగల వీసా ఇస్తారు. నీకు ఈ పిచ్చి ఒక్క ఏడాదితో తగ్గేలా లేదు కాబట్టి చెబుతున్నాను.

అమ్మ ప్రశ్నకు జవాబు తేలికే. డిసెంబరు వచ్చిందంటే చెన్నై సభల్లో కచేరీలు వినడానికి అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి జనం వీసాలు, టికెట్లు తీసుకుని దిగుతారు, నెలంతా ఉంటారు. ఈ బెంగళూరులోనే ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007లో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా అనే మెటల్ బ్యాండ్లు వాయిస్తే దేశం నలుమూలల నుంచి వచ్చారు. పాటల కోసం ఊళ్లు దాటడం నీతో మొదలైంది కాదని చెప్పు. కాకపోతే అమ్మ అడుగుతున్నది పాటల గురించి కాదేమో. ఎవరితో వెళ్తాడు, ఏం తింటాడు, ఫోన్ తీయకపోతే ఎవరిని అడగాలి అన్నవే ఆమె మనసులో ఉంటాయి. ఒకసారి ఆ ఫ్రెండ్‌ను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు వెళ్లి రా. ఆమ్‌స్టర్‌డామ్ అన్నతో వీడియో కాల్ చేయించు. టెంట్‌లో ఉండే రోజుల్లో ఫోన్ ఛార్జింగ్ దొరకడం కష్టమని, జనం ఎక్కువై సిగ్నల్ కూడా అందదని ఇప్పుడే చెప్పి, రోజుకు ఒక మెసేజ్ పెడతానని మాట ఇచ్చి వెళ్లు. ప్రయాణం ప్లాన్, ఇన్సూరెన్స్, పాస్‌పోర్టు కాపీలు ఒక సెట్ ఇంట్లో పెట్టు. టెంటు ఇక్కణ్నుంచి మోసుకుపోవద్దు, హాంబర్గ్‌లో కొనుక్కోవచ్చు. వాకెన్‌లో ముందే వేసి ఉంచిన టెంట్లు అద్దెకు కూడా దొరుకుతాయి. ఆ మిగిలిన బరువులో అమ్మ ఎలాగూ పచ్చళ్లూ పొడులూ సర్దుతుంది, గట్టిగా సీలు వేయించుకో. రబ్బరు బూట్లు మాత్రం మర్చిపోకు.